నంది వద్దన్నవాడి పేరే అవార్డు

2025 జూన్ 14. హైదరాబాద్ హైటెక్స్‌లో లైట్లు, కెమెరాలు, పట్టుచీరలు, నల్లకోట్లు. తెలంగాణ వచ్చాక రాష్ట్ర ప్రభుత్వం సినిమావాళ్లకు అవార్డులిస్తున్న మొదటి పండగ అది. ఉత్తమ చిత్రం 'కల్కి 2898 ఏడీ'. ఉత్తమ నటుడు 'పుష్ప 2' అల్లు అర్జున్. వందల కోట్లు పెట్టి తీసి, వందల కోట్లు రాబట్టిన సినిమాలు. వాటికిచ్చిన అవార్డుకు మాత్రం భుజాన గొంగడి, చేతిలో కర్ర, కాళ్లకు గజ్జెలతో ఊరూరూ తిరిగిన ఓ మనిషి పేరు పెట్టారు. గద్దర్ తెలంగాణ ఫిల్మ్ అవార్డు.

బతికుండగా ఆ మనిషికీ ఓ సినిమా అవార్డు వచ్చింది. 1995 నాటి 'ఒరేయ్ రిక్షా' సినిమాలో అన్నాచెల్లెళ్ల పాటకు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఉత్తమ గేయ రచయితగా నంది ప్రకటించింది. ఆయన వద్దన్నాడు.

ఉద్యమానికి పాటలు రాసేవాడు సినిమాకు రాస్తే మనవాళ్ల దగ్గర రెండు తీర్పులు సిద్ధంగా ఉంటాయి. అమ్ముడుపోయాడన్నది ఒకటి, పైకొచ్చాడన్నది ఇంకొకటి. గద్దర్ సినిమా ప్రయాణం ఈ రెండింట్లో దేనికీ ఒదగదు. సినిమాలోకి వచ్చాడు, జనం గుండెల్లో నిలిచిపోయే పాటలిచ్చాడు, అక్కడ కాపురం మాత్రం పెట్టలేదు. ఎందుకు పెట్టలేదంటే అందరూ రాజకీయాలే చెప్తారు. నాకు మాత్రం ఆ పాట తయారయ్యే పద్ధతిలోనే సగం జవాబు ఉందనిపిస్తుంది. దాన్ని వెతకాలంటే తూప్రాన్ దాకా పోవాలి.

* * *

మెదక్ పట్నం నుంచి రామాయంపేట పోయి, నాగపూర్ హైవే ఎక్కి హైదరాబాద్ దిక్కు మళ్లితే చేగుంట, మాసాయిపేట దాటినాక తూప్రాన్. ఉమ్మడి జిల్లాకు మెదక్ పేరున్నా కచేరీలన్నీ సంగారెడ్డిలోనే ఉండేవి. 2016 అక్టోబర్ 11న జిల్లాను మూడు ముక్కలు చేశాక మెదక్‌కు కలెక్టరేట్ వచ్చింది, తూప్రాన్ దాని కిందికే వచ్చింది. ఆ లెక్కన గద్దర్ ఇప్పుడు మెదక్ వాళ్లకు మరింత 'మావాడు'.

గుమ్మడి విఠల్ పుట్టింది 1949లో. నిజాం పోయి ఇంకా ఏడాది నిండీ నిండని కాలం. పోలీసు చర్య ముగిసినా తెలంగాణ సాయుధ పోరాటం ముగియలేదు, అది 1951 దాకా సాగింది. తండ్రి శేషయ్య, తల్లి లచ్చుమమ్మ. దళిత కుటుంబం. ఆ ఇంట్లో హార్మోనియం లేదు, సంగీతం మాస్టారు లేడు. అమ్మ పాట ఉంది.

నాటు వేసే ఆడవాళ్ల పాట విన్నవాళ్లకు తెలుసు, దానికి ముందే కుదుర్చుకున్న నిడివి ఉండదు. ఒకామె ఎత్తుకుంటుంది, పది మంది అందుకుంటారు. మడి పెద్దదైతే పాట పెద్దది, మడి అయిపోతే పాట ఆగిపోతుంది. నడుమ ఎవరి మొగుడో తాగొచ్చిన సంగతి, దొర కొలతలో చేసిన మోసం, పక్కామె చీరె రంగు, అన్నీ అప్పటికప్పుడు పాటలోకి వచ్చి పడతాయి. రేపు ఇంకో మడిలో అదే బాణీ, మాటలు వేరు. ఎవరు కట్టారని అడిగేవాళ్లుండరు, అడిగినా చెప్పేవాళ్లుండరు. తన బాణీలకు మూలం అమ్మేనని గద్దర్ ఎన్నోసార్లు చెప్పుకున్నాడు. లచ్చుమమ్మ అనే పేరుతో ఆయన కట్టిన పాట ఈనాటికీ పల్లెల్లో మోగుతూనే ఉంది.

చదువు నిజామాబాద్‌లో కొంత, హైదరాబాద్‌లో కొంత. ఇంజనీరింగ్‌లో చేరి మధ్యలో వదిలేశాడు. 1969 తెలంగాణ ఉద్యమం వచ్చింది, కుర్రవాడు అందులో దూకాడు. తర్వాత పొట్టకూటికీ పాట తీటకూ కలిపి బుర్రకథ దళం కట్టాడు.

బుర్రకథ సంగతి తెలియనివాళ్ల కోసం ఒక్క మాట. నడుమ కథకుడు తంబూరా మీటుతూ కథ నడుపుతాడు, అటూ ఇటూ ఇద్దరు వంతలు. ఒకరు హాస్యం చూసుకుంటారు, రెండోవారు రాజకీయం. కథ పల్నాటిదైనా సరే, రాజకీయం చెప్పే వంత నడుమ అడ్డుపడి నిన్నటి రేషన్ దుకాణం గొడవ ఎత్తుకోవచ్చు. 1940ల్లో షేక్ నాజర్ లాంటివాళ్లు ఈ కళను ప్రజానాట్యమండలి వేదికల మీద ఎంత పదునెక్కించారంటే సర్కార్లు దాన్ని నిషేధించాల్సి వచ్చింది. పాటను ఆపి మాట్లాడటం, మాటను మళ్లీ పాటలో కలపడం, ఎదురుగా కూచున్న జనాన్ని బట్టి కథను మలుపు తిప్పడం విఠల్‌కు ఇక్కడే ఒంటబట్టి ఉండాలి. తర్వాతి యాభై ఏళ్లు ఆయన వేదిక మీద చేసిందంతా ఇదే కదా.

* * *

ఆ బుర్రకథ చూసినవాళ్లలో ఒక గజ్వేల్ దిక్కు మనిషి ఉన్నాడు. ప్రజ్ఞాపూర్‌లో పుట్టిన బి. నర్సింగరావు. అదీ అప్పటి మెదక్ జిల్లాయే. బొమ్మలు వేస్తాడు, కవిత్వం రాస్తాడు, ఆర్ట్ లవర్స్ పేరుతో ఓ బృందం నడుపుతున్నాడు. భగత్‌సింగ్ జయంతికి వచ్చి ప్రదర్శన ఇవ్వమని ఆయన విఠల్‌ను పిలిచాడు. విఠల్ వెళ్లాడు. తర్వాత ప్రతి ఆదివారం వెళ్లడం అలవాటైంది.

ఒక జిల్లా మట్టిలోంచి వచ్చిన ఇద్దరు, ఒకరిది భూమున్న ఇల్లు, ఇంకొకరిది కూలి ఇల్లు, ఆదివారాలు ఎదురెదురుగా కూచుని ఏం మాట్లాడుకుని ఉంటారో ఎవరి ఊహ వారిది. ఫలితం మాత్రం కళ్లముందుంది. 1971లో నర్సింగరావు ప్రోద్బలంతో విఠల్ రాసిన మొదటి పాట 'ఆపర రిక్షా'. జంటనగరాల్లో సైకిల్ రిక్షా తొక్కేవాడిని ఆపి మాట్లాడించే పాట. 1972లో జననాట్యమండలి పుట్టింది. బ్రిటిష్‌వాళ్ల మీద తిరగబడ్డ గదర్ పార్టీని తలుచుకుంటూ తొలి పాటల ఆల్బమ్‌కు 'గద్దర్' అని పెట్టారు. ఆ పేరే మనిషికి అతుక్కుపోయింది, విఠల్ అన్న పేరు సర్టిఫికెట్లలో మిగిలింది.

బ్యాంకు కాగితాల్లో కూడా మిగిలింది. ఎందుకంటే 1975లో, ఎమర్జెన్సీ పెట్టిన ఏడాదే, ఆయన పరీక్ష రాసి కెనరా బ్యాంకులో గుమాస్తాగా చేరాడు. పొద్దున జమ, ఖర్చు. సాయంత్రం డప్పు. ఈ రెండు బతుకులు 1984 దాకా పక్కపక్కన నడిచాయి.

* * *

'మా భూమి' 1979లో వచ్చింది. కిషన్ చందర్ ఉర్దూ నవల 'జబ్ ఖేత్ జాగే' ఆధారం. దర్శకుడు గౌతమ్ ఘోష్ అనే బెంగాలీ యువకుడు, తెలుగు రాదు. నిర్మాతలు నర్సింగరావు, జి. రవీంద్రనాథ్. సెట్టింగులకు డబ్బుల్లేవు, అవసరమూ లేకపోయింది. గడీలు కావాలంటే మెదక్ జిల్లా మంగళపర్తి లాంటి ఊళ్లలో నిలబడే ఉన్నాయి. వాటి ముందు నిలబడటానికి కావలసిన మనుషులూ ఆ ఊళ్లలోనే దొరికారు.

తెర మీద గద్దర్ కనిపించేది కొద్దిసేపే. గొంగడి, కర్ర, వెనక కోరస్. నైజాం సర్కారును నిలదీసే పాట ఎత్తుకుంటాడు. థియేటర్ ఊగిపోయింది. ఆ పాట కోసమే మళ్లీ టికెట్ కొన్నవాళ్లున్నారు. ఆ క్షణం నుంచి తెలుగు దేశమంతటికీ ఆ పాట 'గద్దర్ పాట'.

కానీ అది గద్దర్ రాసింది కాదు. సాయుధ పోరాట కాలంలో బండి యాదగిరి కట్టిన పాట. ముప్పై ఏళ్లు పల్లెల్లో నోటినోటా తిరిగి, మాటలు కొన్ని రాలి, కొన్ని చేరి, ఈ గొంతు దాకా వచ్చింది. అదే సినిమాలో పల్లెటూరి పిల్లగాడి మీద ఇంకో పాట ఉంది, అది సుద్దాల హనుమంతుది. అంటే పాటల రచయితగా పేరు మోయబోయే గద్దర్ వెండితెర మీదికి వచ్చింది వేరే వాళ్ల పాటతో, గాయకుడిగా. ఇందులో ఆయన తప్పేమీ లేదు. ఉద్యమంలో పాట ఎవరు రాశారన్నది రెండో ప్రశ్న, ఎవరు పాడుతున్నారన్నదే మొదటి ప్రశ్న. సినిమా టైటిల్స్‌లో మాత్రం 'గీత రచన' అని ఒక గడి ఉంటుంది, అందులో ఒక పేరు నింపాలి. ఊరి పాటకూ సినిమా పాటకూ తగవు మొదలయ్యేది అక్కడే.

ఇంకో తగవు కూడా ఉంది. సినిమా పాట తయారీ చూసినవాళ్లకు దాని క్రమం తెలుసు. దర్శకుడు సందర్భం చెప్తాడు. చాలాసార్లు సంగీత దర్శకుడి ట్యూన్ ముందు వస్తుంది, మాట తర్వాత దానికి సరిపడా ఒదగాలి. పల్లవి, రెండో మూడో చరణాలు, మధ్యలో వాద్యాలకు చోటు, మొత్తం నాలుగైదు నిమిషాలు. ఒకసారి రికార్డయితే అంతే. ఆ తర్వాత అక్షరం కదలదు. మెదక్‌లో విన్నా, మద్రాసులో విన్నా, ముప్పై ఏళ్ల తర్వాత విన్నా అదే శ్వాస, అదే విరుపు.

గద్దర్ వేదిక పాట అందుకు పూర్తిగా తలకిందులు. నాలుగు నిమిషాల్లో అయ్యేది నలభై నిమిషాలు నడవచ్చు. ఒక పాదం పాడి ఆగుతాడు. ఎదురుగా కూచున్న ముసలమ్మను పలకరిస్తాడు. ఆ వారం కాల్చి చంపినవాడి పేరు చెప్తాడు. ఏడుస్తాడు, అంతలోనే ఓ మోటు హాస్యం ఆడతాడు. డప్పు సన్నగా మోగుతూనే ఉంటుంది. మళ్లీ పల్లవి అందుకునేసరికి అదే పల్లవికి వేరే అర్థం వచ్చి ఉంటుంది. కోరస్‌లో పాడేది దళం మాత్రమే కాదు, మైదానం. పాట ఎప్పుడు ముగియాలో తేల్చేది కూడా మైదానమే.

ఇలా పాడేవాడిని రికార్డింగ్ గదిలో అద్దం వెనక నిలబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి, నాలుగు నిమిషాల్లో పాడమనడం అంటే అతని పనిముట్లన్నీ గేటు దగ్గరే లాక్కోవడం. అయినా ఆయన పాడాడు, రాశాడు. ఎక్కడ కుదిరింది, ఎక్కడ కుదరలేదు అన్నదే ఆసక్తికరమైన విషయం.

* * *

ఈ దారిలో ముందు నడిచినవాళ్లు లేకపోలేదు. శ్రీశ్రీ 'మహాప్రస్థానం' పుస్తకంగా వచ్చింది 1950లో. ఆయన పాటలూ మాటలూ రాసిన డబ్బింగ్ సినిమా 'ఆహుతి' వచ్చిందీ అదే 1950లో. ఒక చేత్తో తెలుగు కవిత్వాన్ని తిరగేసినవాడు, ఇంకో చేత్తో హిందీ బొమ్మల పెదవుల కదలికకు తెలుగు అక్షరాలు అతికిస్తున్నాడు. పాతికేళ్లు తిరిగేసరికి 'అల్లూరి సీతారామరాజు' పాటకు జాతీయ అవార్డు వచ్చింది, తెలుగు సినిమా పాటకు అదే మొదటిది. సుద్దాల హనుమంతు కొడుకు అశోక్ తేజ మెట్‌పల్లిలో బడి పంతులు. 1994లో 'నమస్తే అన్న'తో సినిమాలోకి వచ్చి, 2003 నాటి 'ఠాగూర్' పాటతో జాతీయ అవార్డు తెచ్చుకున్నాడు. తండ్రి పాట 'మా భూమి'లో, కొడుకు పాట మెగాస్టార్ సినిమాలో.

బయటి ప్రపంచంలో ఇంతకన్నా చిత్రమైన మనిషి పీటర్ సిన్‌ఫీల్డ్. 1969లో లండన్ రాక్ సంగీతాన్ని కొత్త దారి పట్టించిన 'కింగ్ క్రిమ్సన్' బృందానికి మాటలు రాసింది ఆయనే, ఆ పేరు పెట్టిందీ ఆయనే, వేదిక మీద లైట్లు తిప్పిందీ ఆయనే. ప్రోగ్రెసివ్ రాక్ అంటే ఒక్కో పాట పది, పన్నెండు నిమిషాలు, మాటలు చిక్కుముళ్లు, వినేవాళ్లు మేధావులు. బృందంలోంచి బయటపడ్డాక పదేళ్లకు ఆయన 'బక్స్ ఫిజ్' అనే తళుకుబెళుకుల పాప్ బృందానికి ఆండీ హిల్‌తో కలిసి ఒక పాట ఇచ్చాడు. 1982 జనవరిలో అది బ్రిటన్‌లో నంబర్ వన్. పిల్లలు గంతులేసిన ఆ పాటలో మార్గరెట్ థాచర్ ప్రభుత్వం మీద దెబ్బ ఉందని తర్వాత ఆయనే బయటపెట్టాడు. 1995లో సెలిన్ డియాన్ పాడిన ఆయన ప్రేమపాట అక్కడ ఏడు వారాలు మొదటి స్థానంలో కూచుంది. 2024 నవంబర్‌లో పోయాడు.

సిన్‌ఫీల్డ్ కోపాన్ని మిఠాయి కాగితంలో చుట్టి అమ్మాడు. తెలివైన పని, నేను తక్కువ చేయను. గద్దర్‌కు ఆ దాపరికం చేతకాదు. ఎదుటివాడి కళ్లలోకి చూసి పేరు పెట్టి పిలిచే పాట ఆయనది. దాచి చెప్పడమంటే ఆయనకు పాట మానేయడమే.

* * *

1985 జూలై 17న ప్రకాశం జిల్లా కారంచేడులో దళితులను వెంటాడి చంపారు. ఆ తర్వాత గద్దర్ మీదా జననాట్యమండలి మీదా నిర్బంధం బిగిసింది. ఆయన అజ్ఞాతంలోకి వెళ్లాడు. బ్యాంకు ఉద్యోగం అంతకు ముందే వదిలేశాడు. ఇంట్లో భార్య విమల, చిన్నపిల్లలు. ఐదేళ్ల పాటు మనిషి కనిపించలేదు, గొంతు మాత్రం క్యాసెట్లలో తిరిగింది. ఇదొక వింత. రికార్డింగ్ ఆ పాటను గడ్డకట్టిస్తుందని ఇందాక అన్నాను. మనిషి వేదిక ఎక్కలేని రోజుల్లో ఆ గడ్డకట్టిన పాటే ఆయన బదులు ఊళ్లు తిరిగింది.

1990 ఫిబ్రవరి. చెన్నారెడ్డి ప్రభుత్వం ఆంక్షలు సడలించింది. 18న గద్దర్ బయటికొచ్చాడు. 20న నిజాం కాలేజీ మైదానంలో సభ. లక్షల్లో జనం. ఆ రోజు అక్కడికి లారీలెక్కి, బస్సు టాపులెక్కి పోయిన మెదక్ జిల్లా పిలగాళ్లు ఇప్పుడు అరవైకి దగ్గర పడ్డారు. వాళ్లను కదిపితే ఉపన్యాసాల సంగతి ఎత్తరు, గజ్జెల చప్పుడు సంగతే చెప్తారు.

సినిమావాళ్లూ ఆ చప్పుడు విన్నారు. ఆర్. నారాయణమూర్తి 'ఎర్ర సైన్యం' లాంటి సినిమాలు తక్కువ ఖర్చుతో తీసి పెద్ద ఆట ఆడిస్తున్నాడు. ఎర్రజెండా, డప్పు, గొంగడి ఒక బాక్సాఫీసు సూత్రంగా మారుతున్నాయి. అన్నీ నిజాయితీగా తీసినవని చెప్పను, నారాయణమూర్తి మటుకు నిజాయితీగానే తీశాడు. దాసరి నారాయణరావు అతన్నే హీరోగా పెట్టి 'ఒరేయ్ రిక్షా' మొదలుపెట్టాడు. సంగీతం వందేమాతరం శ్రీనివాస్. ఆయనా వామపక్ష సాంస్కృతిక వేదికల మీద పాడి వచ్చినవాడే, టి. కృష్ణ తీసిన 'వందేమాతరం' సినిమాలో పాట పాడితే ఆ సినిమా పేరే ఇంటిపేరైంది.

మొదటి పాట రిక్షావాడి మీద రాసినవాడికి పాతికేళ్ల తర్వాత రిక్షావాడి సినిమా. ఎర్రటి పాట ఇస్తాడని అందరూ అనుకుని ఉంటారు. జనం గుండెల్లో నిలిచింది మాత్రం అన్న చెల్లెలికి పాడే పాట, మల్లెతీగ పాట. జెండా లేదు, తుపాకీ లేదు, దొర లేడు. తోబుట్టువు మీద ఆపేక్ష తప్ప ఇంకేమీ లేదు. వందేమాతరం శ్రీనివాస్ గొంతులో అది థియేటర్లలో మగవాళ్లను కూడా ఏడిపించింది. అప్పగింతల్లో, రాఖీ రోజుల్లో, ఆటోల్లో ఈనాటికీ వినిపిస్తుంది. పాడుకునేవాళ్లలో చాలామందికి అది గద్దర్ రాసిందని తెలియదు. ఊరి పాటకు అంతకన్నా పెద్ద గౌరవం లేదు.

ఈ పాట ఎందుకు కుదిరిందో ఆలోచిస్తే నాకు తోచేది ఇది. మిగతా పాటలకు మైదానం కావాలి. ఈ పాటకు ఒక్క మనిషి చాలు. అన్న పాడతాడు, చెల్లెలు వింటుంది. నడుమ ఆగి వార్తలు చెప్పే పని లేదు, కోరస్ లేకపోయినా లోటు లేదు. నాలుగు నిమిషాల గదిలో పట్టే దుఃఖం అది. లచ్చుమమ్మ కొడుకు దగ్గర ఆ రకం పాటలూ ఉన్నాయి, మనమే ఎర్రజెండా వైపు చూస్తూ వాటిని గమనించలేదు.

నంది వచ్చింది, వద్దన్నాడు. ఎన్‌కౌంటర్ల మీద పాడుతున్న మనిషి ఆ ఎన్‌కౌంటర్లు చేస్తున్న సర్కారు చేతి నుంచి బొమ్మ తీసుకోవడమెట్లా? అక్కడ ఆలోచించడానికి ఏమీ లేదు.

* * *

1997 ఏప్రిల్ 6. అల్వాల్ వెంకటాపురంలో గద్దర్ ఇల్లు. తలుపు ఎప్పుడూ తెరిచి ఉండే ఇల్లది. పాట కోసం, ఫిర్యాదు కోసం, ఉత్తినే చూసిపోవడం కోసం ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు. ఆ రోజు వచ్చినవాళ్ల చేతుల్లో తుపాకులున్నాయి. దగ్గర్నుంచి కాల్చారు.

చనిపోయాడనే అనుకున్నారు. బతికాడు. డాక్టర్లు తూటాలు తీశారు, ఒకదాన్ని మాత్రం తీస్తే ప్రాణానికి ముప్పని వెన్నులోనే వదిలేశారు. ఆ తూటాతోనే ఇంకో ఇరవై ఆరేళ్లు ఆడాడు, పాడాడు. కాల్చినవాళ్ల వెనక పోలీసులున్నారని ఆయన ఆరోపించాడు. 

ఆ తర్వాత ఆయన మెల్లగా తెలంగాణ వైపు తిరిగాడు. 2002లో ప్రభుత్వంతో చర్చలకు వరవరరావుతో పాటు నక్సలైట్ల దూతగా వెళ్లాడు. 2010లో తెలంగాణ ప్రజాఫ్రంట్ పెట్టాడు. 2011లో ఎన్. శంకర్ 'జై బోలో తెలంగాణ' తీశాడు, చక్రి సంగీతం. పొద్దు పొడుపు పాట గద్దర్ స్వయంగా పాడాడు, తెర మీద కనిపించాడు కూడా. ఈసారి సినిమా ఆయనకు మైదానాన్నే ఇచ్చింది. ఆ పాట వినిపించిన చోటల్లా, అది థియేటర్ అయినా, ధర్నా శిబిరమైనా, పెళ్లి బరాత్ అయినా, జనం కోరస్ అందుకున్నారు. పాట ఎంత గడ్డకట్టినా చుట్టూ ఉన్న ఉద్యమం దాన్ని మళ్లీ కరిగించింది. అలాంటి అదృష్టం సినిమా పాటకు పదేళ్లకోసారి పడుతుంది.

2011 సంవత్సరానికి ఉత్తమ గాయకుడిగా నంది గద్దర్‌కే ప్రకటించారు. ఇచ్చింది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం. తనను రెండుగా చీల్చమని అడిగే పాటకు తానే బహుమతి ఇచ్చిన ప్రభుత్వం మన దేశంలో ఇంకోటి ఉందేమో వెతకాలి.

* * *

ఆఖరి పదేళ్ల గద్దర్ చాలామందికి కొరుకుడు పడలేదు. గుళ్లకు వెళ్లాడు. 2018 ఎన్నికల్లో జీవితంలో మొదటిసారి ఓటు వేశాడు. చనిపోయే ముందు సొంత పార్టీ పెట్టాడు. 2012లోనే ఆయన తమకు రాజీనామా చేశాడని మావోయిస్టు పార్టీ సంతాప ప్రకటనలో చెప్పింది. పాత సహచరులు కొందరు మెత్తబడ్డాడన్నారు. మెత్తబడ్డాడేమో. మెదక్ దిక్కు ముసలివాళ్లు ఆ మాట విని నవ్వుతారు. ఏడుపాయల జాతరకు, కొమురవెల్లికి పోకుండా ఈ జిల్లాలో పాట నేర్చుకున్నవాడెవడని వాళ్ల ప్రశ్న. నాకు ఇందులో ఎవరి పక్షమూ పూర్తిగా తీసుకోబుద్ధి కాదు. వేదిక పాటను ఎదుటి జనాన్ని బట్టి మార్చుకున్న మనిషి, జనం మారితే తానూ కొంత మారాడు.

2023 ఆగస్టు 6న అమీర్‌పేట ఆసుపత్రిలో కన్నుమూశాడు. ఎల్బీ స్టేడియంలో భౌతికకాయం ఉంచారు. అధికార లాంఛనాలతో అంత్యక్రియలు. జీవితమంతా పోలీసు తుపాకీ మీద పాడినవాడికి పోలీసు తుపాకుల వందనం. అంతిమయాత్ర తొక్కిసలాటలో ఆయన మిత్రుడు, 'సియాసత్' పత్రిక మేనేజింగ్ ఎడిటర్ జహీరుద్దీన్ అలీఖాన్ ప్రాణం పోయింది. అల్వాల్‌లో తాను పెట్టిన మహాబోధి విద్యాలయం ఆవరణలోనే గద్దర్‌ను బౌద్ధ పద్ధతిలో ఖననం చేశారు.

అదే ఏడాది మార్చిలో 'బలగం' అనే చిన్న సినిమా వచ్చింది. దర్శకుడు వేణు యెల్దండి, పాటలు కాసర్ల శ్యామ్, సంగీతం భీమ్స్. ఊళ్లలో జనం చందాలు వేసుకుని, గుడ్డతెర కట్టుకుని చూశారు. ఆఖర్లో చావు దగ్గర బుర్రకథ చెప్పే దంపతులు వస్తారు. వాళ్లు నటులు కారు. వరంగల్ దిక్కు ఊళ్లలో నిజంగా కథలు చెప్పుకు బతికిన మొగిలయ్య, కొమురమ్మ. వాళ్ల పాట మొదలవగానే ఊళ్లకు ఊళ్లే వెక్కివెక్కి ఏడ్చాయి, ఏళ్ల తరబడి పలకరింపుల్లేని అన్నదమ్ములు కలిసిపోయిన వార్తలు పేపర్లలో వచ్చాయి. 'మా భూమి' తర్వాత నలభై నాలుగేళ్లకు తెలుగు సినిమా మళ్లీ బుర్రకథ గుమ్మం దగ్గరికే వచ్చి నిలబడింది.

గుమ్మం దగ్గరికి రావడం వేరు, లెక్క తేల్చడం వేరు. 2021లో 'లవ్ స్టోరీ' సినిమాలో సుద్దాల అశోక్ తేజ పేరుతో వచ్చిన జానపద గీతం కోట్ల మందిని ఊపేసింది. దాన్ని ఊళ్లో సేకరించి ముందుగా టీవీ వేదిక మీద పాడింది తానని కోమలి అనే గాయని ముందుకొచ్చింది. పంచాయితీ అయింది, దర్శకుడు శేఖర్ కమ్ముల ఆమెకు గుర్తింపు ఇస్తామన్నాడు. ఆ పాట మొదట కట్టిన ఆడవాళ్లు ఏ మడిలో నిలబడి కట్టారో ఆ పంచాయితీలో ఎవరూ అడగలేదు. అడిగినా, టైటిల్స్‌లో ఆ గడిని ఎవరి పేరుతో నింపాలి?